మూడో చుట్టు

ఆదోనిలో తెల్లారి నాలుగున్నరకి
జిన్నింగు మిల్లు సైరను ఇంకా కూయకముందే
మున్సిపల్ గ్రౌండులో సున్నం గీత మీద
పదకొండు మంది నిలబడి ఉంటారు.
కానిస్టేబులు పరుగు.
నాలుగు చుట్లు, పదహారు వందల మీటర్లు.
నా చేతిలో వాచీ, గొంతులో నిద్ర.

నేను కోచ్‌ని కాదు, దస్తగిరిని.
మూడుసార్లు ఫెయిలైనవాణ్ణి.
చివరిసారి రెండే సెకన్లు.
రెండు సెకన్లంటే ఎంతప్పా అంటారు.
ఒక తుమ్ము. తలుపు గొళ్లెం తీసేంత సేపు.
నాకు ఏడేళ్లయింది, ఇంకా అవుతూనే ఉంది.

మొదటి చుట్టు ఎవడైనా ఉరుకుతాడు.
అప్పుడు ఒళ్లు, జేబులో కొత్త దుడ్డున్న పిల్లోడు.
రెండోది ఆ ఊపే లాక్కుపోతుంది.
నాలుగోదానికి గీత కనపడుతుంది,
సిగ్గు వెనకనుంచి తోస్తుంది.
మూడోదానికి ఎవరూ లేరు.
బయలుదేరిన చోటు చల్లారిపోయి ఉంటుంది,
చేరాల్సిన చోటు ఇంకా పుట్టి ఉండదు.
అప్పుడు మొదలవుతుంది లోపలి మాట.
అరవదు, తిట్టదు,
మేనత్త లాగా తల నిమురుతూ అంటుంది:
"ఎందుకు నాయనా ఇంత కష్టం?
రవ్వంత సేపు నడువు. ఎవురు చూస్తాండారు?"

కాళ్లు పట్టేశాయని ఆ రోజు అందరికీ చెప్పా.
అబద్ధం.
ఇంటికొచ్చాక అవే కాళ్లతో
ఆస్పరి రోడ్డు మీద పొద్దుగూకేదాకా నడిచా.
కాళ్లలో ఇంకా బోలెడు మిగిలే ఉండింది.
మోసుకు తిరుగుతున్నది ఆ మిగులునే.

అందుకే మూడో చుట్టులో మాత్రం
నేను వాళ్ల పక్కన ఉరుకుతా.
మిగతా మూడూ వాళ్లవి.
లాలప్పకి తిట్టు కావాల.
షేకున్‌బీకి "ఇంక పది అడుగులే, పది అడుగులే" అనే అబద్ధం.
మద్దిలేటికి ఏమీ అనగూడదు,
పక్కన ఇంకో జత అడుగుల చప్పుడు చాలు.
ఉరుకుందమ్మకే ఏ మాటా పట్టలేదు.
పేరులో ఉరుకు పెట్టుకుని
మూడో చుట్టుకి నడిచేది.
"గాలి ఆడల్యాదన్నా" అనేది.
చూస్తే ఊపిరి మామూలుగానే ఉండేది.
నేనేమీ అనలేదు.
ఆ మేనత్త నాకూ మేనత్తే.

కర్నూలులో పరీక్ష నాడు
నన్ను గేటు దగ్గరే ఆపేశారు.
ప్రహరీ అవతల ఎవరిదో మోటారుబండి సీటెక్కి నిలబడ్డా.
ఇంత దూరానికి ఆమె ఒక నెంబరు, ఒక జడ.
మూడో చుట్టు మలుపు తిరుగుతుంటే అరిచా.
ఏమని అరిచానో గుర్తు లేదు,
నా పేరే అరిచానేమో.
ఆమె ఇటు చూడలేదు.
పెదాలు మాత్రం కదులుతున్నాయి.
నడవలేదు.
నడవనే లేదు.

బస్సు ఎమ్మిగనూరు దాటాక
ఉండబట్టలేక అడిగా:
ఏమనుకుంటా ఉరికితివి పాపా?
నా మాటల్లో ఏదో ఒకటి వినపడుతుందని ఆశ.

"ఏం ల్యాదన్నా.
మాయమ్మ ఉగ్గాని బండికాడ
ఎవురెవురు ఎంత బాకీ ఉండారో లెక్కేసుకుంటి.
హమాలీ నర్సన్న ఆరు ప్లేట్లు.
లారీ క్లీనరు పద్నాలుగు, బజ్జీలు యిడిగా.
పత్తి తూకమేసే ఆయప్పది మూడు నెల్లది.
ఆయప్పకాడికొచ్చేసరికి కోపమొచ్చె.
నాలుగో చుట్టు ఎప్పుడొచ్చెనో తెల్దు."

కిటికీ వైపు తిరిగి నవ్వా.
నవ్వులో ఎక్కడో చిన్న ముల్లు:
ఏడేళ్లుగా దాచుకున్న మాటలన్నీ
ఆరు ప్లేట్ల ఉగ్గాని ముందు ఓడిపోయాయి.

మర్నాడు గీత మీద కొత్త పిల్లోడు.
మీసం రాలేదు, బూట్లు అన్నవి.
"మూడో చుట్టులో ఏమనుకోవాలన్నా?"
నాకు తెల్దప్పా అన్నా,
నీ లెక్కలు నీకే తెలుసు.

వాడి పక్కన నోరు మూసుకుని ఉరికా.
మిల్లు సైరను కూసింది.
గాలిలో దూది నలకలు, పళ్ల మధ్య ఒకటి.
నేనూ లోపల లెక్కపెట్టడం మొదలుపెట్టా:
ఒకటి, రెండు.
అక్కడికి ఆగిపోయింది.
మళ్లీ ఒకటి.